సర్కారు టీబీ గోలీ ఐసీయూలో: నాలుగు మందుల కట్టు ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ విప్పాలి

ప్రభుత్వ టీబీ కార్యక్రమం ఉచితంగా ఇచ్చే 4ఎఫ్‌డీసీ (నాలుగు టీబీ మందులు ఒకే గోలీలో కలిపినది) స్ట్రిప్‌కు మామూలు వార్డులోనైతే 5కు 4.5 మార్కులు వేయొచ్చు. అదే స్ట్రిప్‌ను వెంటిలేటర్ మీదున్న మనిషికి ముక్కులోంచి కడుపులోకి దించే రైల్స్ ట్యూబ్‌లో వేస్తే 2.5 దాటదు. గోలీ అదే, లెక్క అదే. మారింది ఆ గోలీ పోయే దారి. పొద్దున ఎనిమిదింటికి చార్టులో టిక్ పడుతుంది. పదింటికి రక్తంలో ఎంత చేరిందన్నది వేరే సంగతి. ఈ రివ్యూ ఆ రెండో సంగతి మీద.

వరంగల్, హనుమకొండ ఐసీయూలకు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ వైపు నుంచి ముదిరిన టీబీతో వచ్చేవాళ్లకు కొదవలేదు. ఒకరికి గనుల దుమ్ముతో సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తోడై ఉంటుంది, ఇంకొకరికి షుగర్, మరొకరికి కల్లు, గుడుంబాతో లివర్ ముందే సగం పోయి ఉంటుంది. ఒకరు ఊపిరాడక వస్తారు, ఒకరు సెప్సిస్‌తో (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడం), ఒకరు మెదడు టీబీతో ఫిట్స్ పడి. అందరి చేతికీ వచ్చే స్ట్రిప్ మాత్రం ఒక్కటే.

ఒక్కో గోలీలో ఐసోనియాజిడ్ 75, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఇథాంబ్యూటాల్ 275 మి.గ్రా. ఉంటాయి. స్ట్రిప్‌కు 28 గోలీలు. బరువు 25–34 కిలోలైతే రోజుకు 2 గోలీలు, 35–49కి 3, 50–64కి 4, 65–75కి 5, ఆ పైన 6. రెండు నెలలు ఇవి వాడాక పైరజినమైడ్ లేని 3ఎఫ్‌డీసీ ఇంకో నాలుగు నెలలు. 2017 చివర్లో దేశమంతా రోజువారీ మందు వచ్చేదాకా పేషెంటు పేరు రాసిన పెట్టె, వారానికి మూడు రోజుల డోసు నడిచేవి. ఆ పెట్టె మీద ఈ స్ట్రిప్ ఎన్నో రెట్లు మేలు. నాలుగు మందులూ ఒకే గోలీలో ఉన్నాయి కాబట్టి ఒకటి మింగి మూడు పక్కన పడేసే వీలు లేదు, బ్యాక్టీరియాకు ఒంటరి మందు దొరికి మొండికేసే అవకాశం తక్కువ. పేషెంటుకు ఖర్చు సున్నా. తిండి కోసం ఇచ్చే నెలవారీ సాయం కూడా 2024 నవంబర్ నుంచి 500 నుంచి 1000 రూపాయలైంది.

ఆ కట్టే ఐసీయూలో అడ్డం తిరుగుతుంది. కిడ్నీ చెడితే రెండు మందులను తగ్గించాలి, రెండింటిని ముట్టుకోకూడదు. లివర్ చెడితే మూడింటిని ఆపాలి, ఒకదాన్ని సాగించాలి. పేగు పీల్చుకోకపోతే రిఫాంపిసిన్ ఒక్కదాన్నే పెంచాలి. నాలుగు ఒకే గోలీలో ఉన్నప్పుడు ఇవేవీ కుదరవు.

బరువు దగ్గరే మొదటి తప్పు పడుతుంది. 47 కిలోల మనిషికి రోజుకు 3 గోలీలు. సెప్సిస్‌తో వచ్చి నాలుగైదు రోజుల్లో సెలైన్లు ఎక్కాక బెడ్ స్కేలు మీద అతనే 55 కిలోలు తూగుతాడు. ఎవరో ఒకరు 4 గోలీలు రాస్తారు. ఇప్పుడు రిఫాంపిసిన్ కిలోకు 12.8 మి.గ్రా. అయింది, దాంతో పెద్ద నష్టం లేదు. కానీ పైరజినమైడ్ కిలోకు 34 మి.గ్రా. అయింది. ఉండాల్సింది 25, ఎక్కువలో ఎక్కువ 30. ఎక్కింది నీళ్ల బరువు, లివర్ మీద పడింది మందు బరువు. డోసుకు లెక్కలోకి తీసుకోవాల్సింది జబ్బుకు ముందరి పొడి బరువు. ఇంటివాళ్లకు అది తెలియకపోతే నిక్షయ్ (ప్రభుత్వ టీబీ పోర్టల్) రికార్డులో మందు మొదలుపెట్టిన రోజు రాసిన బరువు చూడాలి. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది: బక్కచిక్కిన మనిషిని కంటితో చూసి 'ముప్పై కిలోలుంటాడు' అని 2 గోలీలు వేయడం. ఎముకలు బరువే, కంటికి ఆ బరువు కనపడదంతే.

ట్యూబ్‌లో వేయడం

ఈ ఉత్పత్తి ఐసీయూలో ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే, అదీ చిన్న చిన్న పనుల దగ్గర. తయారీదారు దీన్ని మింగడానికి చేశాడు, నూరడానికి కాదు. పైన పూత ఉంటుంది. కల్వంలో నూరితే ఆ పూత పెచ్చులు పెచ్చులుగా లేచి, నీళ్లలో కరగకుండా ట్యూబ్ మూతి దగ్గర పేరుకుంటుంది. మందు పొడి ఇటుక రంగులో ఉంటుంది, అంటిన చోటల్లా మరక. మాస్కు, గ్లవ్స్ వేసుకునే నూరాలి.

సరైన క్రమం ఇది. ముందు ట్యూబ్ కొస ఎక్కడుందో ఎక్స్‌రేలో చూడాలి. రిఫాంపిసిన్‌ను ఎక్కువగా పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగం. ట్యూబ్ కొస జెజునమ్‌లోకి (చిన్నపేగు మధ్య భాగం) దిగి ఉంటే మందు ఆ భాగాన్ని తాకకుండానే దాటిపోవచ్చు, కాబట్టి గోలీల వరకైనా కడుపులో తెరుచుకునే ట్యూబ్ వాడాలి. ఫీడ్‌ను రెండు గంటల ముందు ఆపాలి. 30 మి.లీ. మామూలు నీళ్లతో ట్యూబ్ కడగాలి. స్ట్రిప్‌లోంచి గోలీలు అప్పుడే తీసి, మెత్తగా నూరి, 30 మి.లీ. నీళ్లు పోసి రెండు మూడు నిమిషాలు నానబెట్టాలి. 50 మి.లీ. సిరంజిలోకి లాగి, అడుగున పొడి పేరుకోకుండా సిరంజిని కదిలిస్తూ తోయాలి. కల్వం, గిన్నె, సిరంజి మూడింటినీ ఇంకో 15–20 మి.లీ. నీళ్లతో కడిగి ఆ నీళ్లనూ ట్యూబ్‌లోకే పంపాలి. చాలాచోట్ల ఆ కడుగు నీళ్లు సింకులో పోతాయి. సింకు అడుగు ఎర్రగా కనిపిస్తే డోసులో కొంత అక్కడ ఉన్నట్టే. చివర్లో మళ్లీ 30 మి.లీ. నీళ్లు, తర్వాత ట్యూబ్‌కు క్లాంప్. గంట దాకా ఫీడ్ వద్దు.

క్లాంప్ సంగతి రెండోసారి చెప్పడం తప్పదు. కడుపు ఉబ్బిన పేషెంటుకు రైల్స్ ట్యూబ్‌ను డ్రైనేజీ బ్యాగుకు తెరిచి పెడతారు. మందు వేసి, అలవాటుగా మళ్లీ బ్యాగుకే తగిలిస్తే అరగంటలో నాలుగు మందులూ బ్యాగులో తేలతాయి. బ్యాగులో నీళ్లు నారింజ రంగులోకి మారితే అర్థం అదే. కనీసం గంటసేపు మూసి ఉంచలేని పరిస్థితి ఉంటే ఆ పూట ట్యూబ్‌లో వేయడంలో అర్థం లేదు. మందు వేరే దారిన వెళ్లాలి.

నూరిన మందును పాలల్లోగానీ, రాగి జావలోగానీ, గ్లూకోజ్ నీళ్లలోగానీ కలపొద్దు. ఐసోనియాజిడ్ ఆ చక్కెరలతో కలిసి పేగు సరిగా పీల్చుకోని పదార్థంగా మారుతుంది. 'చేదు ఉండొద్దని' జావలో కలపడం ఇంటి దగ్గర మంచి మనసుతో చేసే పనే. ట్యూబ్‌లో చేదు ఎవరికి తెలుస్తుంది? రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ ఒకే చోట తడిలో ఉంటే, అందులోనూ కడుపు యాసిడ్ లాంటి పులుపులో ఉంటే, ఒకదాన్ని ఒకటి తింటాయి. నష్టపోయేది ఎక్కువగా రిఫాంపిసినే. అందుకే పొద్దున నాలుగు బెడ్లకూ కలిపి నూరి, గిన్నెల్లో నీళ్లు పోసి వరసగా పెట్టుకోవడం మానాలి. నూరిన పది నిమిషాల్లో ట్యూబ్‌లో ఉండాలి. స్ట్రిప్‌లోంచి ముందే తీసి ప్లాస్టిక్ కప్పుల్లో పెట్టడమూ ఇదే తప్పుకు తమ్ముడు. ఇథాంబ్యూటాల్ గాలిలోని తేమను లాగుతుంది, ఆ తేమ మిగతా రెండింటి గొడవను పెంచుతుంది. ఏటూరునాగారం వానాకాలంలో ఇంటి దగ్గర వాడేవాళ్లకు కూడా ఇదే మాట.

రెండు గంటలు ముందు, గంట తర్వాత అంటే రోజుకు మూడు గంటలు ఫీడ్ ఆగుతుంది. 24 గంటలకు 1500 మి.లీ. అంటే గంటకు 62 మి.లీ. చొప్పున పోయే ఫీడ్‌ను మిగిలిన 21 గంటల్లో 71 చొప్పున నడపాలి. లేకపోతే ముందే ఎండిపోయిన టీబీ పేషెంటు రోజూ ఎనిమిదో వంతు తిండి కోల్పోతాడు. ఇన్సులిన్ డ్రిప్ నడుస్తుంటే ఫీడ్ ఆపిన నిమిషమే దాన్ని కూడా చూసుకోవాలి. మందు సరిగా ఇవ్వబోయి షుగర్ 40కి పడగొట్టిన ఐసీయూలు లేకపోలేదు. పొద్దున ఆరింటికి మందు పెట్టుకుంటే ఈ తంతు రౌండ్స్‌కు అడ్డం రాదు.

ఒకవైపు ఇంత చెప్పుకున్నా, మందు కడుపులో పడ్డంత మాత్రాన పని అయిపోదు. బీపీ నిలబెట్టే నార్‌ఎడ్రినలిన్ మీదున్న షాక్ పేషెంటులో పేగుకు రక్తం తగ్గుతుంది, నొప్పి తగ్గించే ఫెంటానిల్ కడుపును బద్ధకం చేస్తుంది, పేగు గోడలు వాచి ఉంటాయి. దక్షిణాఫ్రికా ఐసీయూల్లో ఇలాగే నూరి ట్యూబ్ ద్వారా ఇచ్చి కొలిచినప్పుడు కూడా బాగా దెబ్బతిన్నది రిఫాంపిసినే. చికిత్సకు వెన్నెముక ఆ మందే కావడం మన దురదృష్టం. దానికి తోడు ఫీడ్ కడుపులో ఉంటే రిఫాంపిసిన్ శిఖర మట్టం, అంటే రక్తంలో అది అందుకునే గరిష్ఠ స్థాయి, మూడో వంతు మేర తగ్గిపోతుంది. పైరజినమైడ్ మాత్రం మొండిది, పేగు ఎలా ఉన్నా చాలావరకు ఎక్కేస్తుంది. అంటే లివర్‌కు చెడు చేసే మందు పూర్తిగా, జబ్బును నయం చేసే మందు సగంగా చేరే అవకాశం ఉంది. ఈ గోలీకి ఐసీయూలో మార్కులు తగ్గడానికి అసలు కారణం ఇదే.

రక్తంలో ఎంత ఉంది

మూత్రం చూడండి. రిఫాంపిసిన్ ఎక్కితే కొన్ని గంటల్లో యూరో బ్యాగులో నారింజ రంగు దిగుతుంది. సక్షన్ ట్యూబులో కఫం కూడా రంగు మారుతుంది. బయట కూర్చున్న ఇంటివాళ్లు "సిస్టర్, మా బాపుకు రక్తం పోతున్నది" అని పరుగెత్తుకొచ్చేది దీనికే. ముందే చెప్పి పెడితే ఆ పరేషాన్ ఉండదు. రంగు రాకపోతే మందు ఎక్కలేదని గట్టిగా అనుమానించాలి. రంగు వచ్చిందంటే కొంత ఎక్కిందని మాత్రమే అర్థం, సరిపడా ఎక్కిందని కాదు. కామెర్లు ఉన్నప్పుడు ఈ లెక్క పనికిరాదు.

అసలు కొలత రక్తంలో మందు మట్టం. డోసు వేసిన 2 గంటలకు ఒకటి, 6 గంటలకు ఒకటి, రెండు శాంపిళ్లు. మిల్లీలీటరుకు మైక్రోగ్రాముల్లో రిఫాంపిసిన్ శిఖరం 8–24 ఉండాలి, ఐసోనియాజిడ్ 3–6, పైరజినమైడ్ 20–60, ఇథాంబ్యూటాల్ 2–6. రెండు శాంపిళ్లు ఎందుకంటే: రిఫాంపిసిన్ 2 గంటలకు 2, 6 గంటలకు 7 వస్తే మందు ఆలస్యంగా ఎక్కింది, కడుపు ఖాళీ అవడంలో చిక్కుంది. 2 గంటలకు 3, 6 గంటలకు 1 వస్తే అసలు ఎక్కనే లేదు. మొదటిదానికి కడుపును కదిలించే మెటోక్లోప్రమైడ్, ఫీడ్ టైమింగ్ చాలు. రెండోదానికి డోసు పెంచాలి, లేదా దారి మార్చాలి. ఒక్క శాంపిలే తీస్తే ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

డోసు పెంచేటప్పుడు ఒక వెసులుబాటు ఉంది. రిఫాంపిసిన్‌ను బయటికి పంపే లివర్ దారి త్వరగా నిండిపోతుంది, కాబట్టి డోసు ఒకటిన్నర రెట్లు చేస్తే మట్టం అంతకన్నా ఎక్కువే లేస్తుంది. ఒక మెలిక కూడా ఉంది. ఆ మందే లివర్‌ను ఉసిగొలిపి తనను తాను త్వరగా ఖర్చు చేయించుకుంటుంది, మొదటి రోజుల్లో ఉన్న మట్టం రెండో వారానికి తగ్గుతుంది. మూడో రోజు తీసిన మంచి రిపోర్టు పదిహేనో రోజుకు చెల్లదు. ఐసోనియాజిడ్ సంగతి వేరు, అది పుట్టుకతో వచ్చిన లెక్క. దక్షిణ భారతంలో సగానికి పైగా మనుషులు దాన్ని నెమ్మదిగా ఖర్చు చేసేవాళ్లే. వాళ్లకు మట్టం ఎక్కువ నిలుస్తుంది, లివర్, నరాల ఇబ్బందీ ఎక్కువే. నరాలను కాపాడే పిరిడాక్సిన్ (విటమిన్ బీ6) 10 మి.గ్రా. ఐసీయూ చార్టులో జారిపోకుండా చూసుకోవాలి, ఎందుకోగానీ జారిపోయేది ఎప్పుడూ అదే.

ఈ పరీక్ష జిల్లా ల్యాబుల్లో రోజూ జరిగేది కాదు. శాంపిల్‌కు వెలుతురు, వేడి పడవు. వెంటనే సెంట్రిఫ్యూజ్ చేసి, ప్లాస్మా వేరు చేసి, గడ్డకట్టించి, డ్రై ఐస్‌లో పంపాలి. వరంగల్ మే నెల ఎండలో ఐస్ ప్యాక్ మీద నమ్మకం పెట్టుకుని పంపిన శాంపిల్‌లో రిఫాంపిసిన్ తక్కువ వస్తే తప్పు పేగుది కాకపోవచ్చు.

కిడ్నీ, లివర్

కిడ్నీ ఆగిన పేషెంటుకు ఈ స్ట్రిప్‌ను అలాగే సాగించడం పెద్ద పొరపాటు. రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ రోజూ పూర్తి డోసు ఇవ్వొచ్చు, అవి లివర్ దారిన పోతాయి. ఇథాంబ్యూటాల్ ఎక్కువ భాగం మూత్రంలోనే పోవాలి. పైరజినమైడ్ లివర్‌లో విరిగినా ఆ ముక్కలు కిడ్నీ నుంచే పోవాలి. కిడ్నీ వడపోతను చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ 30 కన్నా తక్కువైతే ఈ రెండూ వారానికి మూడుసార్లే: పైరజినమైడ్ కిలోకు 25–35, ఇథాంబ్యూటాల్ 15–25 మి.గ్రా. డయాలసిస్ రోజైతే అది అయ్యాకే ఇవ్వాలి, ముందు వేస్తే మందు మెషీన్‌లో పోతుంది. ఇథాంబ్యూటాల్ పేరుకుంటే కంటి నరం మీద పడుతుంది. మెలకువ ఉన్న మనిషైతే 'ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుస్తలేదు' అంటాడు, మత్తులో ఉన్నవాడు ఏమంటాడు? కిడ్నీ దెబ్బతిన్న వెంటిలేటర్ పేషెంటుకు రోజూ 4 ఎఫ్‌డీసీ గోలీలంటే రోజూ 1100 మి.గ్రా. ఇథాంబ్యూటాల్, కంటి పరీక్ష లేకుండా. ఇక్కడ స్ట్రిప్ పక్కన పెట్టి విడి మందులకు వెళ్లాల్సిందే. రిఫాంపిసిన్ 450 లేదా 600, ఐసోనియాజిడ్ 300 కలిపిన గోలీలు బయట దొరుకుతాయి, మిగతా రెండూ విడిగా రాసుకోవచ్చు.

లివర్ విషయంలో వాడుకలో ఉన్న గీత ఇది: లక్షణాలుంటే ఏఎల్‌టీ (లివర్ దెబ్బను చూపే రక్త పరీక్ష) మామూలుకు 3 రెట్లు, లేకుంటే 5 రెట్లు దాటితే రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్, పైరజినమైడ్ ఆపాలి. మత్తులో ఉన్న పేషెంటు వికారం, కడుపునొప్పి చెప్పడు కాబట్టి 'లక్షణాలు లేవు' అన్న మాటకు ఇక్కడ విలువ లేదు. బిలిరుబిన్ (కామెర్ల కొలత), ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు కొలత) చూసి నిర్ణయించాలి. మొదటి రోజుల్లో ఏఎల్‌టీ పెరగకుండా బిలిరుబిన్ ఒక్కటే కాస్త పెరిగితే గాభరా వద్దు, రిఫాంపిసిన్ బిలిరుబిన్ పోయే దారిలో పోటీకి నిలబడటం వల్ల అలా జరుగుతుంది.

ఐసీయూలో అసలు చిక్కు దోషి ఎవరో తేల్చడం. బీపీ పడిపోయి లివర్ దెబ్బతింటే ఏఎల్‌టీ ఒకటి రెండు రోజుల్లో వేలల్లోకి దూకి, బీపీ నిలబడగానే అంతే వేగంగా దిగుతుంది. టీబీ మందు వల్లైతే రోజులు, వారాల మీద మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. షాక్ వచ్చిన మర్నాడు 2400 కనబడి, మూడో రోజు 1100కు వస్తే గోలీని ఉరి తీయాల్సిన పనిలేదు. కానీ ఆ రెండు మూడు రోజులు ఆపి చూడటంలో తప్పూ లేదు. ఆపినప్పుడు చేతులు కట్టుకు కూర్చోకుండా ఇథాంబ్యూటాల్, లీవోఫ్లాక్సాసిన్, అమికాసిన్ లాంటి లివర్‌ను ముట్టని మందులతో వంతెన కట్టాలి. ఏఎల్‌టీ 2 రెట్ల లోపు దిగాక ఒక్కొక్కటే తిరిగి మొదలు: ముందు రిఫాంపిసిన్, మూడు నుంచి ఏడు రోజులు చూసి ఐసోనియాజిడ్, చివర్న పైరజినమైడ్. లివర్ బాగా చెడి ఉంటే పైరజినమైడ్‌ను మళ్లీ తేకుండా కోర్సు పొడిగించడమే మంచిది. ఇక్కడా కట్టు విప్పకుండా నడవదు. ఎఫ్‌డీసీ మొత్తాన్ని ఒకేసారి తిరిగి వేసి మళ్లీ కామెర్లు వస్తే నాలుగింట్లో ఏది చేసిందో ఎవరు చెబుతారు?

రిఫాంపిసిన్‌ను నాలుగు రోజులు ఇచ్చి, నాలుగు రోజులు ఆపి, మళ్లీ వేయడం అలవాటుగా మారకూడదు. ఇలా తెరిచి మూసే వాడకంలోనే ఒంటి రక్షణ వ్యవస్థ దాని మీద తిరగబడుతుంది. ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, కిడ్నీ ఆగుతుంది. ఆ రకం దెబ్బ తగిలిందని తేలితే ఆ మందు ఆ మనిషికి మళ్లీ వద్దు.

పక్క మందులతో తగువు

రిఫాంపిసిన్ లివర్‌ను పరుగెత్తిస్తుందని చెప్పుకున్నాం కదా, ఆ పరుగులో పక్క మందులు కూడా కొట్టుకుపోతాయి. మొదలుపెట్టిన కొన్ని రోజుల నుంచి రెండు వారాలకు ఇది పూర్తి స్థాయికి వస్తుంది. నోటి ద్వారా ఇచ్చే మత్తు మందు మిడజోలం అయితే దాదాపు మొత్తం పోతుంది, నరం ద్వారా ఇచ్చేదానికి కూడా డోసు పెరుగుతుంది. ఫెంటానిల్ అంతే. 'ఎంత మత్తిచ్చినా ట్యూబ్ పీకేస్తున్నాడు' అన్న రెండో వారం ఫిర్యాదుకు చాలాసార్లు జవాబు ఇదే. ఫంగస్ మందు వోరికొనజోల్‌తో అసలు కలపకూడదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ రెండు మూడు రెట్లు పెంచినా ఐఎన్ఆర్ అందదు, ఐసీయూలో ఉన్నన్నాళ్లు అదే పని చేసే ఇంజెక్షన్ ఇనాక్సాపారిన్ మీద ఉండటమే తెలివి. ఫిట్స్‌కు ఫెనిటోయిన్ అయితే రిఫాంపిసిన్ ఒకవైపు లాగి ఐసోనియాజిడ్ ఇంకోవైపు లాగుతుంది, లెవెటిరసెటామ్‌కు ఈ గొడవ లేదు. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. రోజుకు రెండుసార్లు ఇవ్వాలి.

స్టెరాయిడ్ల మాట విడిగా చెప్పాలి. డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్, హైడ్రోకార్టిసోన్ మూడూ త్వరగా ఖర్చవుతాయి. టీబీ అడ్రినల్ గ్రంథిని కూడా తిని ఉంటే, ఒంట్లో ఉన్న కాస్త కార్టిసాల్ హార్మోన్‌ను కూడా రిఫాంపిసిన్ ఊడ్చేస్తుంది. మందు మొదలుపెట్టిన వారం రెండు వారాల్లో బీపీ ఎందుకో నిలవక, సోడియం తగ్గి, పొటాషియం పెరిగితే ఇంకో యాంటీబయాటిక్ కాదు ఆలోచించాల్సింది. కార్టిసాల్‌కు రక్తం తీసి, రిపోర్టు కోసం ఆగకుండా హైడ్రోకార్టిసోన్ వేయాలి.

గోలీ పనికిరాని రోజుల్లో

నరం ద్వారా ఇచ్చే రిఫాంపిసిన్ ఉంది. 600 మి.గ్రా.ను 500 మి.లీ.లో కలిపి మూడు గంటల మీద ఎక్కిస్తారు. పేగుతో పనే లేదు. కానీ మన దగ్గర మామూలు మెడికల్ షాపులో అడిగితే తీసిచ్చే సరుకు కాదు. అందుకని ఆచరణలో నిలబడేది చేతికి అందేదే: లీవోఫ్లాక్సాసిన్ 500 మి.గ్రా. 100 మి.లీ. బాటిల్, అమికాసిన్, లినెజోలిడ్ 600. లీవోఫ్లాక్సాసిన్‌ను 750 నుంచి మొదలుపెట్టి కిడ్నీ చూసి సర్దుకోవాలి. మాక్సిఫ్లాక్సాసిన్ మట్టాన్ని రిఫాంపిసిన్ మూడో వంతు దాకా తగ్గిస్తుంది, లీవోఫ్లాక్సాసిన్‌ను పెద్దగా కదిలించదు. లీవోఫ్లాక్సాసిన్‌ను ట్యూబ్‌లో ఇవ్వాల్సి వస్తే సుక్రాల్‌ఫేట్, యాంటాసిడ్, క్యాల్షియం ఉన్న ఫీడ్ దరిదాపుల్లో ఉండొద్దు. స్ట్రెప్టోమైసిన్ కండకు ఇచ్చేది, షాక్‌లో ఉన్న కండ నుంచి మందు రక్తంలోకి రావడం అనుమానమే. ఇంకా టీబీ తేలని పేషెంటైతే వీటిలో ఏది మొదలుపెట్టే ముందైనా కఫం, ట్యూబ్ నుంచి తీసిన స్రావం టీబీని తేల్చే సీబీనాట్ పరీక్షకో ట్రూనాట్‌కో పంపేయాలి.

మెదడు టీబీలో ఐసోనియాజిడ్, పైరజినమైడ్ వెన్ను నీటిలోకి బాగా దిగుతాయి. రిఫాంపిసిన్, ఇథాంబ్యూటాల్ కొంచెమే. అందుకే ఇక్కడ రిఫాంపిసిన్ పెంచాలన్న ఆలోచన ఎప్పటినుంచో ఉంది. 2013లో ఇండోనేషియాలో నరం ద్వారా 600 మి.గ్రా. ఇచ్చి చూసిన చిన్న ట్రయల్ ఆశ కలిగించింది. 2016లో వియత్నాంలో కిలోకు 15 మి.గ్రా. నోటి ద్వారా, లీవోఫ్లాక్సాసిన్‌తో కలిపి ఇచ్చిన పెద్ద ట్రయల్‌లో ప్రాణాలు అదనంగా నిలవలేదు. కాబట్టి ఎఫ్‌డీసీకి తోడు విడి రిఫాంపిసిన్ రాయడం ప్రతి మెదడు టీబీకీ సూత్రంగా పెట్టుకోదగ్గది కాదు. ట్యూబ్‌లో వేసిన డోసు ఎక్కట్లేదని ఆధారం ఉన్నచోట అది వేరే విషయం.

మందులకు లొంగని టీబీ అయితే ఈ స్ట్రిప్ అక్కర్లేదు, అక్కడ బెడాక్విలిన్ అనే మందు రాజ్యం. ఐసీయూకు సంబంధించి ఒకటే జాగ్రత్త: అది ఈసీజీలో క్యూటీని (గుండె ఒక్కో దెబ్బ తర్వాత తేరుకునే వ్యవధి) సాగదీస్తుంది. ఒండాన్‌సెట్రాన్, హాలోపెరిడాల్, మాక్సిఫ్లాక్సాసిన్ కూడా అదే పని చేస్తాయి. పొటాషియం, మెగ్నీషియం తక్కువున్న పేషెంటులో ఇవన్నీ కలిస్తే గుండె లయ తప్పడం మానిటర్ మీదే తెలుస్తుంది, అప్పటికి ఆలస్యం. రిఫాంపిసిన్ పక్కన ఉంటే బెడాక్విలిన్ మట్టం సగమవుతుంది, రెండింటికీ పొత్తు లేదు.

ట్యూబ్ తీసి, మనిషి నోటితో మింగడం మొదలుపెట్టి, కిడ్నీ, లివర్ కుదుటపడ్డాక మళ్లీ ఈ స్ట్రిప్‌కే రావాలి. అప్పుడు దీనికి సాటి లేదు. విడి మందుల చీటీ ఇచ్చి ఇంటికి పంపితే నెల తిరిగేసరికి ఏదో ఒకటి తప్పుతుంది. ఇంటివాళ్లు చేయకూడని పని ఒకటే, డాక్టర్ చెప్పకుండా గోలీల లెక్క మార్చడం. డాక్టర్లు మరిచిపోయే పని ఇంకోటి. రిఫాంపిసిన్ ఏ కారణంగానైనా పూర్తిగా ఆపితే లివర్ పరుగు రెండు వారాల్లో మామూలుకు వస్తుంది, దానికోసం పెంచిన వార్ఫరిన్, స్టెరాయిడ్, షుగర్ గోలీల డోసులు అప్పుడు దించాలి. దించకపోతే పదిహేనో రోజు రక్తస్రావంతోనో లో షుగర్‌తోనో తిరిగొస్తాడు.

కోర్సు లెక్కించేది క్యాలెండర్‌తో కాదు, డోసులతో: మొదటి దశ 56, రెండో దశ 112. ఐసీయూలో మందు తొమ్మిది రోజులు ఆగితే ఆ తొమ్మిది డోసులూ తర్వాత వేసి 56 పూర్తి చేయాలి. డిశ్చార్జ్ కాగితంలో ఏ మందు ఏ తేదీన ఆగింది, ఏ తేదీన మొదలైంది, ఎన్ని రోజులు ట్యూబ్ డ్రైనేజీకి తెరిచి ఉంది అన్నది రాసి, నిక్షయ్ ఐడీతో పాటు ఊరి పీహెచ్‌సీకి పంపాలి. లేదంటే చార్టులో టిక్ పడిన రోజులన్నీ మందు పడిన రోజులే అనుకుని వాళ్లు 3ఎఫ్‌డీసీకి మార్చేస్తారు.